పేరు చెప్పని తుపాకీవాడు: ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ముగింపు తెలియకుండా సినిమా చూడాలనుకునేవారు రివాల్వర్, ఇనుప రేకు ప్రశ్నల్ని, చివరి ప్రశ్నని సినిమా అయ్యాక చదవండి. మిగతావి ముందే చదివినా నష్టం లేదు.

ఇది అమెరికన్ సినిమానా?

కాదు. కథ అమెరికా-మెక్సికో సరిహద్దులో జరుగుతుంది కానీ సినిమా ఇటలీవాళ్లది. దర్శకుడు సెర్జియో లియోనే. ఇటలీ, స్పెయిన్, పశ్చిమ జర్మనీ నిర్మాతలు కలిసి పెట్టుబడి పెట్టారు. షూటింగ్ స్పెయిన్‌లో జరిగింది, 1964 సెప్టెంబరులో ఇటలీలో విడుదలైంది. నిడివి సుమారు గంటా నలభై నిమిషాలు. కౌబాయ్ సినిమా అంటే అమెరికావాళ్లే తీయాలని అప్పటి ఇటలీ ప్రేక్షకుల నమ్మకం. అందుకే టైటిల్స్‌లో లియోనే ‘బాబ్ రాబర్ట్‌సన్’ అయ్యాడు, సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనే ‘డాన్ సావియో’ అయ్యాడు, విలన్ వేసిన జాన్ మరియా వొలొంతే ‘జాన్ వెల్స్’ అయ్యాడు.

కథేమిటి?

శాన్ మిగెల్ అనే ఊళ్లో రెండు ముఠాలు. ఒకటి రోహో అన్నదమ్ములది, రెండోది బాక్‌స్టర్ కుటుంబానిది. ఒకరిది సారా వ్యాపారం, ఇంకొకరిది తుపాకుల వ్యాపారం. కంచరగాడిద ఎక్కి ఒకడు (నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్) ఆ ఊరికి వస్తాడు. ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుంటాడు, ఇద్దరికీ చిచ్చు పెడతాడు. ఇంతకు మించి కథ లేదు. సినిమా బలమంతా ఆ వచ్చినవాడిని మనకు చూపించిన తీరులో ఉంది.

అతనికి నిజంగానే పేరు లేదా?

ఉంది, లేదు కూడా. శవపేటికలు చేసే ముసలాయన పిరిపేరో అతన్ని ‘జో’ అని పిలుస్తాడు, నటీనటుల పట్టికలోనూ అదే ఉంటుంది. అయితే అది అతను చెప్పుకున్న పేరు కాదు, ఊరివాళ్లు తగిలించినది. లియోనే, ఈస్ట్‌వుడ్ కలిసి తీసిన మూడు సినిమాల్లో ఇది మొదటిది. రెండోదాంట్లో ‘మోంకో’ అంటారు. ఒంటిచేతివాడని ఆ మాటకు అర్థం. కుడిచెయ్యి తుపాకీకే వదిలేసి మిగతా పనులన్నీ ఎడమచేత్తో చేస్తాడు కాబట్టి ఆ పేరు. మూడోదాంట్లో ‘బ్లాండీ’. ‘పేరు లేని మనిషి’ అన్నది 1967లో అమెరికాలో ఈ సినిమాల్ని విడుదల చేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ ప్రచారం కోసం వాడిన మాట. మూడు సినిమాల్లోనూ ఉన్నది ఒకే మనిషా, వేరు వేరు మనుషులా అని వాదించుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఏమీ చెప్పుకోని మనిషి మనల్ని ఇంతగా ఎలా పట్టి కూర్చోబెడతాడు?

ఎక్కువమంది అడిగేది ఇదే, నిజంగా అడగాల్సిందీ ఇదే.

మన ఊళ్లో కొత్త మనిషి అరుగు ఎక్కగానే మొదట వచ్చే ప్రశ్న ‘ఏ ఊరు మీది? ఎవరి తాలూకు?’ అని. దానికి జవాబు దొరికితే ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎంత నమ్మాలో తేలిపోతుంది. శాన్ మిగెల్‌లో కూడా అందరూ అదే తేల్చుకోవాలని చూస్తారు. పూటకూళ్లు నడిపే సిల్వనీటో, రోహోలు, బాక్‌స్టర్లు ఎవరి అంచనా వాళ్లు వేస్తారు. అతను జవాబివ్వడు కాబట్టి ఆ అంచనాలన్నీ తప్పుతాయి. ప్రేక్షకుడికి తెలిసిందీ ఆ ఊరివాళ్లకు తెలిసినంతే. అతని ఆలోచన మనకు విడిగా ఎక్కడా వినిపించదు. అందుకని కళ్లార్పకుండా అతని చేతుల్నీ చూపునీ గమనిస్తూ కూర్చుంటాం.

తెలుగు సినిమాలు చూసి పెరిగినవాళ్లకు తేడా ఇట్టే తెలుస్తుంది. మన దగ్గర హీరో మౌనంగా ఉంటే ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ ఖాయం. ఊరు, కుటుంబం, పగ అన్నీ బయటికొస్తాయి, మౌనానికి కారణం తెలుస్తుంది. ఇక్కడ ఆ ఫ్లాష్‌బ్యాక్ రాదు. రోహోల చెరలో ఉన్న మరిసోల్‌ను, ఆమె భర్తను, కొడుకును తప్పించినప్పుడు ‘మాకెందుకు సాయం చేస్తున్నావు’ అని ఆమె అడుగుతుంది. ‘నీలాంటి ఒకామెను ఒకప్పుడు ఎరుగుదును, అప్పుడు ఆదుకోవడానికి ఎవరూ లేరు’ అన్న అర్థంలో ఒక్క ముక్క అంటాడు. ఆ ఆడమనిషి ఎవరు, ఎప్పుడు, ఏమైంది? ఒక్కటీ చెప్పడు. మొత్తం సినిమాలో అతని గతం గురించి దొరికేది దాదాపు ఆ ఒక్క వాక్యమే.

ఆ మౌనం స్క్రిప్టులో ఇంతగా లేదు. ఈస్ట్‌వుడ్ తన డైలాగుల్ని చాలావరకు తనే కొట్టేయించాడు. ఎక్కువ మాట్లాడితే ఆ మనిషిలోని మర్మం చెదిరిపోతుందని దర్శకుణ్ణి ఒప్పించాడు. నటుడు తన డైలాగులు తనే తగ్గించుకోవడం ఎంత అరుదో సినిమా పని తెలిసినవాళ్లు ఊహించగలరు.

ఇదే పద్ధతిని తర్వాత వచ్చిన ఎన్నో సినిమాలు అనుకరించి దెబ్బతిన్నాయి. మాట తగ్గించారు గానీ దాని బదులు చేతలు పెట్టలేదు. జో మాట్లాడని ప్రతిచోటా చేతికి ఏదో పని ఉంటుంది. చుట్ట పెదవి ఒక చివరి నుంచి రెండో చివరికి జరుపుతాడు, ఒంటిమీది దుప్పటి లాంటి పాంచో అంచు భుజం మీదికి వేసుకుంటాడు, నీళ్లు తాగుతూ టోపీ కింద నుంచి చూస్తాడు. ఆ పనులు లేకుండా ఊరికే నిలబడితే అది రహస్యం అనిపించుకోదు, ఖాళీగా కనిపిస్తుంది.

ఆ వేషం ఎవరు తయారుచేశారు?

కొంత ఈస్ట్‌వుడ్, కొంత లియోనే. అప్పటికి ఈస్ట్‌వుడ్ ‘రాహైడ్’ అనే టీవీ సీరియల్‌లో శుభ్రంగా గడ్డం గీసుకున్న కుర్ర పశుకాపరి. ఈ సినిమాకు ఆయనకు ముట్టింది 15,000 డాలర్లు. నల్ల జీన్స్ హాలీవుడ్‌లోనే కొన్నాడు. సన్నపాటి చుట్టలు బెవర్లీ హిల్స్‌లో కొని పట్టుకెళ్లి, ముక్కలుగా కోసి వాడాడు. పాము బొమ్మ ఉన్న తుపాకీ పిడి ‘రాహైడ్’ నుంచి వచ్చింది. ఆయనకు పొగ అలవాటు లేదు. ఆ చుట్ట ఘాటుకే తన మొహం చిరాగ్గా మారేదని, అది పాత్రకు పనికొచ్చిందని ఆయనే చెప్పాడు. (ఆ రకం చుట్టను ఇంగ్లీషులో ‘చెరూట్’ అంటారు. ఆ మాట తమిళుల ‘సురుట్టు’ నుంచే వెళ్లింది.)

పాంచో అంటే మధ్యలో తల దూర్చే కంత ఉన్న దుప్పటి. గొంగడి కప్పుకున్న మనిషిని చూసినవాళ్లకు దాని ఉపయోగం విప్పి చెప్పక్కర్లేదు. చేతులు ఎక్కడున్నాయో ఎదుటివాడికి కనపడదు, నడుముకు ఏముందో తెలియదు. అంచు ఎత్తి భుజం మీద వేసుకున్నాడంటే మాత్రం కాల్పులు దగ్గరపడ్డట్టే. రెండుమూడుసార్లు అలా జరిగేసరికి ప్రేక్షకుడికి అది సంకేతమైపోతుంది.

అతను మంచివాడా, చెడ్డవాడా?

సినిమా మొదటి పది నిమిషాలు జాగ్రత్తగా చూడండి. బావి దగ్గర నీళ్లు తాగుతుంటాడు. ఎదురుగా ఒక పసివాడు తల్లిని చూడబోతే రౌడీలు కాళ్ల దగ్గర తూటాలు పేల్చి తరుముతారు, తండ్రిని కొడతారు. అతను నీళ్లు తాగడం అయిపోతుంది, కంచరగాడిద ఎక్కి వెళ్లిపోతాడు. అంతవరకు వచ్చిన కౌబాయ్ హీరో ఎవడైనా అక్కడ దిగేవాడే.

తర్వాత అదే కుటుంబం కోసం ప్రాణాల మీదికి తెచ్చుకుంటాడు, సంపాదించిన డబ్బు వాళ్ల చేతిలో పెట్టి సరిహద్దు దాటిస్తాడు. దాంతో రోహోల చేతికి చిక్కి ఒళ్లు హూనమయ్యేలా దెబ్బలు తింటాడు. డబ్బు కోసం చేసిన మోసాల్లో ఒక్కటీ అతనికి గీత పడనివ్వలేదు. ఉచితంగా చేసిన ఒక్క మంచిపనే అతన్ని చావు అంచుకు తెచ్చింది. మంచీ చెడూ అని ముద్ర వేసేముందు ఈ లెక్క చూడాలి. బావి దగ్గర వాయిదా పడ్డ బాకీని అతను తీర్చాడని మేం అనుకుంటాం.

కంచరగాడిద సన్నివేశానికి అంత పేరెందుకు?

నలుగురు రౌడీలు అతని గాడిదను బెదరగొట్టి నవ్వుతారు. కాసేపటికి అతను తిరిగి వాళ్ల దగ్గరకు వస్తాడు. దారిలో పిరిపేరోతో మూడు పెట్టెలు సిద్ధం చెయ్యమంటాడు. తనను చూసి నవ్వారని నా గాడిద బాధపడింది, క్షమాపణ చెప్పండని వాళ్లను అడుగుతాడు. వాళ్లు మళ్లీ నవ్వుతారు. తల వంచుకుని ఉన్నవాడు మెల్లగా తలెత్తుతాడు. ఒక్కొక్కరి మొహం దగ్గరగా చూపిస్తుంటే నవ్వు ఆరిపోవడం కనిపిస్తుంది. తర్వాత కాల్పులు రెప్పపాటులో అయిపోతాయి. వెనక్కి పోతూ, పొరపాటైంది, నాలుగు పెట్టెలు అంటాడు.

ఇందులో నేర్చుకోదగ్గది సమయం పంచిన తీరు. నిమిషాల తరబడి ఎదురుచూపు, క్షణాల్లో హింస. తెలియనివాళ్లు దీన్ని తిరగేసి తీస్తారు. పైగా ఆ పెట్టెల లెక్క వల్ల రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి. అతను ముందే తేల్చుకుని వచ్చాడు, అతని అంచనా కూడా తప్పగలదు.

కాల్చేవాడినీ పడేవాడినీ ఒకే ఫ్రేములో చూపించకూడదన్న కట్టుబాటు హాలీవుడ్‌లో ఉండేదని, అది లియోనేకు తెలియదని, తను కూడా చెప్పలేదని ఈస్ట్‌వుడ్ అన్నాడు. అతని భుజం వెనక నుంచి తీసిన కాల్పుల షాట్ అప్పటివాళ్లకు ఎందుకు కొత్తగా తోచిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

చివర్లో ఆ రివాల్వర్ నింపే పోటీ నిజంగా అంత కష్టమా?

కష్టమే. పైగా కష్టమైన పక్షాన్ని అతనే తీసుకున్నాడు. పిస్తోలువాడు రైఫిల్‌వాడికి ఎదురుపడితే పిస్తోలువాడు చచ్చినట్టే అని రమోన్ రోహో ముందెప్పుడో అన్నాడు. ఆఖరున ఇద్దరి తుపాకులూ ఖాళీగా నేలమీద ఉంటాయి. ఒక్కొక్క తూటా పెట్టుకుని కాల్చాలి.

వించెస్టర్ రైఫిల్‌లో పక్కనున్న కంతలోంచి తూటా తోసి, కింది లీవర్ ఒకసారి దించి ఎత్తితే చాలు. కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్ (1873 నాటి నమూనా) అలా కాదు. మొదట హ్యామర్‌ను సగం వరకే లాగాలి, అప్పుడే సిలిండర్ చేత్తో తిరుగుతుంది. కుడిపక్క చిన్న తలుపు తెరవాలి. పాత తొడుగు ఉంటే బారెల్ కింది పుల్లతో వెనక్కి నెట్టెయ్యాలి. కొత్త తూటా దూర్చి తలుపు మూయాలి. ఇక్కడే చాలామందికి తెలియని చిక్కు ఉంది. తూటా పెట్టిన గది బారెల్ ఎదుటికి రావాలంటే సిలిండర్ దాదాపు ఒక చుట్టు తిరగాలి. ఎన్ని గళ్లు తిప్పామో లెక్క తప్పితే హ్యామర్ ఖాళీ గదిమీద పడుతుంది, టిక్కుమని శబ్దం తప్ప ఏమీ రాదు. అన్నీ సరిగ్గా కుదిరాక హ్యామర్ పూర్తిగా లాగి కాల్చాలి. ఇదంతా తెలిసి చూస్తే ఆ కొద్ది క్షణాలు ఇంకోలా ఉంటాయి.

పాంచో కింద ఇనుప రేకు తూటాల్ని ఆపగలదా?

దళసరి రేకైతే ఆపుతుంది. ఆ కాలపు తూటాలు మెత్తని సీసం, గట్టి ఇనుముకు తగిలితే చితికిపోతాయి. అసలు ప్రమాదం చితికిన సీసం రేకు వెంట పక్కలకు చిమ్మడం. గడ్డం కింద, చేతులకు గుచ్చుకుంటుంది. సినిమా దాన్ని వదిలేసింది.

తూటా తగిలి మనిషి ఎగిరి వెనక్కి పడటం కూడా నాటకమే. .44-40 అనే రకం వించెస్టర్ తూటా బరువు సుమారు 13 గ్రాములు, వేగం సెకనుకు 380 మీటర్ల చుట్టుపక్కల. అది 80 కిలోల మనిషికి ఇచ్చే తోపు సెకనుకు సుమారు ఆరు సెంటీమీటర్ల వేగం మాత్రమే. కానీ ఇక్కడ ఆ నాటకానికి పని ఉంది. ‘గుండెకు గురిపెట్టు రమోన్’ అని కవ్విస్తూ పడతాడు, లేస్తాడు, నడుస్తాడు. పడకపోతే లేవడం ఉండదు. లేచిన ప్రతిసారీ రమోన్ మొహంలో భయం పెరుగుతుంది. ఎదురుగా ఉన్నది మనిషేనా అన్న అనుమానం అతనికీ మనకూ కలిసే వస్తుంది. అంత జరిగాక పాంచో ఎత్తి రేకు చూపిస్తాడు. ఇంత మర్మం పెంచి, దాని వెనక ఉన్నది ఇనుప ముక్కేనని దాచకుండా చూపించిన సినిమా కాబట్టే మాకు దీనిమీద గౌరవం.

మొహాలు అంత దగ్గరగా తీయడం ఎలా కుదిరింది?

దీనికి జవాబు టెక్నిస్కోప్ అనే చవక పద్ధతి. మామూలు 35 మి.మీ. ఫిల్ములో ఒక్కో ఫ్రేము నాలుగు రంధ్రాల ఎత్తు ఉంటుంది. టెక్నిస్కోప్‌లో రెండే. అంటే 1,000 అడుగుల రీలు 11 నిమిషాలకు బదులు 22 నిమిషాలు వస్తుంది. ఫ్రేము ఎత్తు సగం కాబట్టి దానంతటదే వెడల్పుగా ఉంటుంది, సినిమాస్కోప్ కటకాలు అక్కర్లేదు. అప్పటి స్కోప్ కటకాలతో బాగా దగ్గరికి వెళ్తే మొహం ఉబ్బినట్టు కనిపించేది. మామూలు కటకాలకు ఆ బెడద లేదు. పైగా దగ్గరి మొహం, దూరపు వీధి రెండూ స్పష్టంగా పడేవి. డబ్బు మిగుల్చుకోవడానికి ఎంచుకున్న దారి కొత్త చూపు ఇచ్చింది. నష్టమూ ఉంది. చిన్న ఫ్రేమును పెద్దది చేయడం వల్ల తెరమీద గరుకు కనిపిస్తుంది. మీ డిస్కులో లోపమేమో అని కంగారుపడకండి.

సంగీతం సంగతి?

లియోనే, మొరికోనే చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు. ముఖ్య బాణీకి మూలం 1962లో పీటర్ టెవిస్ పాడిన ఒక అమెరికన్ జానపదానికి మొరికోనే కట్టిన వాద్యకూర్పు. గాయకుడి గొంతు తీసేసి ఆ చోట ఈల పెట్టారు. ఈల వేసిందీ, గిటారు వాయించిందీ అలెస్సాండ్రో అలెస్సాండ్రోని. కొరడా దెబ్బ, గంట, బృందం కేకలు అందులోనే కలిశాయి. పెద్ద ఆర్కెస్ట్రాకు డబ్బు లేని లోటు అక్కడ వినపడదు.

ఆఖరి పోరాటం దగ్గర వచ్చే ట్రంపెట్ బాణీ పుట్టుక ఇంకా వింత. మొరికోనే అంతకుముందు ఒక టీవీ నాటకం కోసం కట్టిన జోలపాట అది. మికేలే లాచెరెంత్సా ఊదేసరికి చావుపాట అయింది.

పెదాలకూ మాటలకూ పొంతన లేదేం?

షూటింగ్‌లో శబ్దం తీసుకోలేదు. ఇటాలియన్లు, స్పానిష్‌వాళ్లు, జర్మన్లు, ఒక అమెరికన్, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడారు. గొంతులన్నీ తర్వాత కలిపారు. ఇటాలియన్‌లో ఈస్ట్‌వుడ్‌కు గొంతు ఎన్రికో మరియా సలెర్నో ఇచ్చాడు, ఇంగ్లీషులో ఈస్ట్‌వుడే చెప్పుకున్నాడు. మొదటిసారి ఇంగ్లీషులో చూడండి. ఆ మెల్లని, దాదాపు గుసగుస లాంటి గొంతు లేకపోతే పాత్ర సగమే.

ఇది జపాన్ సినిమా కాపీ అంటారు, నిజమేనా?

నిజమే. అకిరా కురోసావా 1961లో తీసిన ‘యోజింబో’ కథ ఇది. రెండు ముఠాల ఊరు, ఇద్దరికీ పనిచేసే పరాయివాడు, చితకబాదడం, పెట్టెల్లో దాక్కుని తప్పించుకోవడం, అన్నీ అందులోవే. హక్కులు కొనకుండానే తీశారు. కురోసావా పక్షం దావాకు దిగింది. చివరికి ప్రపంచ వసూళ్లలో 15 శాతం, జపాన్, తైవాన్, దక్షిణ కొరియా విడుదల హక్కులు వాళ్లకిచ్చి రాజీపడ్డారు. అమెరికాలో 1967 జనవరి దాకా విడుదల కాకపోవడానికి ఈ గొడవే పెద్ద కారణం. కథ మూలం ఇంకా పాతదని, 18వ శతాబ్దపు ఇటలీ నాటకకర్త గోల్దోని రాసిన ఇద్దరు యజమానుల సేవకుడి నాటకంలో ఉందని లియోనే వాదించాడు. రెండు సినిమాలూ చూసినవాళ్లెవరికీ ఆ వాదన నిలబడదు. అయితే కురోసావా సమురాయ్ గోక్కుంటాడు, ఆవులిస్తాడు, పెద్దగా నవ్వుతాడు, వయసు చెబుతాడు. లియోనే వాటిని తీసేశాడు. ఈ సినిమా సొంతం ఏదైనా ఉంటే అది ఆ తీసివేతలోనే ఉంది.

అమెరికా టీవీలో వేరే మొదలు ఉందట?

ఉంది. డబ్బు కోసం చంపేవాడికి శిక్ష పడకపోవడం బాగోలేదని టీవీవాళ్లు ఒక ముందుమాట తీయించి అతికించారు. జైలు అధికారి (హ్యారీ డీన్ స్టాంటన్) అతనికి క్షమాభిక్ష ఆశ చూపి, శాన్ మిగెల్‌ను శుభ్రం చెయ్యమని పంపుతాడు. ఈస్ట్‌వుడ్ అందులో నటించలేదు. ఆయన పోలికలున్న వేరే మనిషిని టోపీ కింద దాచి, పాత షాట్లు కలిపారు. ‘ఎవరి తాలూకు’ అన్న ప్రశ్నకు జవాబు ఇచ్చేస్తే ఈ కథ ఎంత చప్పబడుతుందో చూడాలంటే ఆ ముక్క వెతికి చూడొచ్చు.

ఇంట్లో చూసేటప్పుడు ఏం సరిచూసుకోవాలి?

బొమ్మ పైనా కిందా నల్ల పట్టీలతో, 2.35కి 1 వెడల్పులో ఉండాలి. పాత టీవీ కోసం కత్తిరించిన ప్రతిలో బొమ్మ సుమారు 43 శాతం పోతుంది, ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరు మాయమవుతారు. టీవీలో కదలికను నునుపు చేసే సెట్టింగు ఆపెయ్యండి. గరుకును చెరిపే సెట్టింగు కూడా ఆపితే చెమట, దుమ్ము, చర్మపు గీతలు మిగులుతాయి. మోనో (ఒకే ఛానెల్) శబ్దం ఎంపిక ఉంటే అదే పెట్టండి. పిల్లలతో అయితే ఆలోచించుకోండి. చిత్రహింసలు, ఇంటికి నిప్పుపెట్టి బయటికొచ్చినవాళ్లను కాల్చే సన్నివేశం ఉన్నాయి.

స్పెయిన్ వెళ్తే ఆ ఊరు చూడొచ్చా?

శాన్ మిగెల్ వీధి మాడ్రిడ్‌కు ఉత్తరాన ఓయో దె మన్సనారెస్ దగ్గరి సెట్టు. దానికోసం దక్షిణాన అల్మెరియాకు వెళ్తే దొరకదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. అల్మెరియా దగ్గర తబెర్నాస్ ఎడారిలో ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్న ఊరు రెండో సినిమా ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ (1965) కోసం కట్టింది. మూడోదైన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) శ్మశానం ఉత్తరాన బుర్గోస్ ప్రాంతంలో ఉంది. గడ్డి కప్పేసిన ఆ వలయాన్ని 2015 నుంచి అభిమానులు తవ్వి బాగుచేశారు.

తెలుగు కౌబాయ్ సినిమాలకు ఇదే మూలమా?

ఈ మూడు సినిమాల ప్రభావం గట్టిగానే ఉంది. 1971 ఆగస్టులో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ (కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా) రాజస్థాన్ ఎడారిలో ఆ ఇటాలియన్ దుమ్మును, ఆ టోపీని, ఆ గుర్రపు పరుగును మన తెరమీదికి తెచ్చింది. తర్వాత ‘కొదమసింహం’ (1990), ‘టక్కరి దొంగ’ (2002) అదే దారిలో నడిచాయి. అయితే మనవాళ్లు వేషం తెచ్చుకున్నారు, మౌనాన్ని తెచ్చుకోలేదు. మన కౌబాయ్‌కి పేరుంది, వెనక కథ ఉంది, పాట ఉంది. దాన్ని లోపమని మేం అనుకోం. పాటలో చెప్పుకునే హీరోను ఇష్టపడే ప్రేక్షకుల కోసం ఆరుద్ర సరిగ్గా రాశాడు. కానీ నోరు విప్పని ఆ మనిషిని తెలుగు తెరమీద పూర్తిగా దించినవారు ఇంకా లేరు.

చివర్లో అతను ఎందుకు వెళ్లిపోతాడు?

ఇక ప్రభుత్వంవాళ్లు వస్తారు, అప్పుడు నువ్వు ఇక్కడ ఉండవా అని సిల్వనీటో అడుగుతాడు. అటు మెక్సికో, ఇటు అమెరికా, మధ్యలో నేనా, అది మరీ ప్రమాదం అని జో జవాబిస్తాడు. రెండు ముఠాల మధ్య నిలబడి బతికినవాడికి రెండు ప్రభుత్వాల మధ్య నిలబడలేనని తెలుసు. సెలవు తీసుకుని వెళ్లిపోతాడు. పిరిపేరో శవాల కొలతలు తీసుకునే పనిలో పడతాడు.